కారు కింద మిఠాయి పెట్టె

క్యోటో, ఆగస్టు చివర

శ్రీ దోయి గారికి,

కీచురాళ్ళ గొంతులు బొంగురుపోతున్న ఈ వేళ, ఒసాకాలో మీరూ మీ గ్యారేజీ కుశలమని తలుస్తాను.

మీ దగ్గర కొన్న పాత కారు అద్భుతం. దాని పుణ్యమా అని మా వీధిలో ప్రతి రాయితోనూ స్వయంగా పరిచయం కలిగింది. మొన్న రోడ్డు మీద పడున్న చెప్పు మీదుగా వెళ్తే, అది ఎడమ కాలిదో కుడి కాలిదో మా అక్క ఇతోయె కూర్చున్నచోటి నుంచే చెప్పింది.

అక్క తేనీటి విద్యకు గురువు. ఆవిడ టీ కుటీరానికి తలుపు మోకాలెత్తు. ఎంతటివాడైనా తల వంచి పాకి రావలసిందే. నేను విసనకర్రలు చేసే రోజుల్లో ఒక మేయరు అందులో ఇరుక్కున్నాడు. అది వేరే కథ. ఆకులు ఎర్రబడే వేళకి కొండ మీది గుడిలో పెద్ద తేనీటి సభ. నడపాల్సింది అక్కే. మోకాళ్ళు సహకరించవు గనక కారులోనే వెళ్ళాలి. చేరలేకపోతే పక్కవీధి తేనీటి గురువు తొమినో గారు ఆ ఆసనంలో కూర్చుంటారు. "నేను పోయాక కూర్చోమను" అంటోంది అక్క.

విధేయుడు,
హికోజో

తా.క.: ఇంతటి ఆనందం మాలాంటి ముసలివాళ్ళకి ఎక్కువేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది.

*

ఒసాకా

పెద్దాయనగారికి దోయి దండాలు!

ఎండలూ గిండలూ అని రాయడం నాకు చేతకాదు, ఏమనుకోకండి. రాళ్ళతో పరిచయమన్నారు చూశారూ, అది చదివి కళ్ళ నీళ్ళొచ్చాయి. నా దగ్గరికొచ్చే కుర్రకారంతా కోరుకునేది అదే, నేలని రాసుకుంటూ పోయే బండి, కానీ అంత చక్కగా చెప్పే నోరేదీ?

మీ కారుకున్నవి మామూలు స్ప్రింగులు కావు, కాయిలోవర్లు. గొట్టానికి మరలుంటాయి, స్ప్రింగు కింద రింగుంటుంది. రింగు పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. మీ ముచ్చట చూసి మా మనిషిని పంపి కారు తెప్పించి, ఇంకాస్త దింపి పంపుతున్నా. ఊరికే!

ఇట్లు మీ దోయి

తా.క.: సీటు మీద సిగరెట్టు పెట్టె ఉంటుంది. సంగతి మీకు తెలిసిందేగా!

*

క్యోటో, సెప్టెంబరు

శ్రీ దోయి గారికి,

గాలిలో తొలి చల్లదనం తగులుతున్న ఈ వేళ మీ దయకు నోట మాట రావడం లేదు. అక్కకి అసలే రావడం లేదు. నిన్న కారు మా గుమ్మం దాటుతుంటే ఆ కుదుపుకి నాలుక కరుచుకుంది.

సిగరెట్టు పెట్టె అందింది. నేను మానేసి చాలా కాలమైంది. అయినా కానుక అందుకుని ఊరుకునే వంశం కాదు మాది. మా వీధి చివరి కొట్టులోని బియ్యప్పిండి మిఠాయి పంపుతున్నాను. పెట్టె పల్చన, రెండు వేళ్ళ మందం. మా మనసుగా భావించండి.

విధేయుడు,
హికోజో

తా.క.: నిన్న పిల్లి ఒకటి మా కారు కిందికి దూరబోయి, ఆలోచించి, మానుకుంది. ఇంత కటువుగా రాస్తున్నందుకు మన్నించాలి.

*

ఒసాకా

గురువుగారూ!

ఇకమీదట ఇదే పిలుపు. పెట్టె అందింది. మా గ్యారేజీ గ్యారేజీయే నిలబడిపోయింది.

సర్కారు తనిఖీలో కారు పొట్టకీ నేలకీ మధ్య సిగరెట్టు పెట్టె నిలువుగా పట్టాలి. మా వాళ్ళ కొలత అదే. అందుకే మీకు పంపా. జవాబుగా మీరు పంపిన పెట్టె చూసి మా మెకానిక్కు, "అన్నా, రెండు వేళ్ళే! ఈయన మనిషేనా?" అని చేతులు జోడించాడు. మిఠాయి తిన్నాం. మళ్ళీ మీ కారు తెప్పించి, ఖాళీ పెట్టె దాని కింద పెట్టి, మూతకి పొట్ట తగిలేదాకా రింగులు తిప్పాం. పిల్లి కాదు, ఇక చీమ కూడా ఆలోచించుకోవాల్సిందే!

ఇట్లు మీ శిష్యుడు
దోయి

తా.క.: తనిఖీ నాటికి పైకి లేపిద్దాం. అందాకా పోలీసు కనబడితే బండి ఆపి, పాడైపోయినట్టు మొహం పెట్టండి.

*

క్యోటో, నవంబరు

శ్రీ దోయి గారికి,

ఆకులన్నీ ఎర్రబడిన ఈ వేళ ఒక నిజం చెప్పాలి. మొదటి ఉత్తరం నుంచీ నేను కారు పైకి లేపమనే అడుగుతున్నాను. ఇంతకన్నా మొరటుగా అడగడం మా ఊళ్ళో ఎవరికీ రాదు.

సభ రోజు కొండ ఎక్కాం. గుడి గేటు దగ్గర గడప రాయి మీద కారు పొట్ట ఆనుకుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు, తక్కెడలా ఊగుతుంది. పైన తొమినో గారు ఆసనం దులుపుకుంటున్నారని కబురొచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

"ఏమిట్రా ఆ మొహం?" అంది అక్క. "తలుపు తియ్. టీ గది ఇదే."

పొయ్యి గడప రాయి మీద పెట్టించింది. అతిథులు ఒక్కొక్కరే దిగివచ్చి, చెప్పులు విడిచి, తల వంచి, మోకాళ్ళ మీద కారులోకి పాకారు. అచ్చం కుటీరంలోకి వచ్చినట్టే. "మర్యాద తెలిసిన బండిని ఇన్నాళ్ళకి చూశాం" అన్నారు. చివరికి, ఎవరికీ వంగని తొమినో గారు కూడా పాకుతూ వచ్చారు. "దయచేయండి, తల జాగ్రత్త" అంది అక్క. ఆ మాట అనడానికి ఆవిడ ఎన్నాళ్ళుగా ఎదురుచూసిందో నాకు తెలుసు.

కారును అక్కడే ఉంచమని గుడివారు కోరారు. అక్క ఒప్పుకుంది. చక్రాల మీద మాత్రం అది ఇంకా కాస్త గర్వంగా తలెత్తుకుని ఉందంటోంది.

విధేయుడు,
హికోజో

తా.క.: ఈసారి పెట్టె ఏదీ పంపడం లేదు. ఆ కొలత మీకు అర్థమవుతుందని అక్క నమ్మకం.