మూసిన క్యాబిన్‌లో తుమ్ములు

మార్చి 4
నమూనా క్యాబిన్ గాలి ఫిల్టర్ మళ్ళీ నిండిపోయింది. నెల రావాల్సింది — తొమ్మిది రోజులకే. పైన ఇటుకరంగు దుమ్ము, మెత్తగా. అంగారకుడి దాకా నలుగురు మనుషులు నెలల తరబడి పీల్చాల్సిన గాలి! క్యాబిన్‌లో గాలి, తలుపు నా డిజైన్లు. సీట్లు భాస్కర్‌వి. సీటు గుడ్డ ఏ రంగు? ఇటుకరంగే. ఇంకేం కావాలి.

మార్చి 5
అడిగేశా. "నా గుడ్డ పోగులు రాల్చదండీ మేడమ్, కావాలంటే పీకి చూసుకోండి" అని నవ్వాడు భాస్కర్. ఆ నవ్వే నచ్చలేదు. గుట్టుగా చవకరకం వేశాడేమో. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు... నేను పడతా.

మార్చి 7
అమ్మ ఫోన్. "కుజదోషమని సంబంధాలన్నీ తప్పిపోయినయ్యి. నువ్వేమో ఆ కుజుడి దగ్గరికే బండి కడతన్నావు!" నవ్వాను. మనసంతా సీటు గుడ్డ మీదే.

మార్చి 10
అందరూ భోజనానికి వెళ్ళాక క్యాబిన్‌లో దూరి, సీటు అడుగున గుడ్డముక్క కత్తిరించా. దొంగతనమే ఇది, ఇంకో పేరు లేదు. ముక్కను ల్యాబ్‌కి పంపా. ఫలితం వచ్చేదాకా ఆగాల్సింది... ఆగలేదు. భాస్కర్ గుడ్డ మార్చాడని డైరెక్టర్ గారికి ఉత్తరం రాసిచ్చేశా. "నిజమైతే అతన్ని తీసేయడమేనమ్మా. రివ్యూలో తేల్చేద్దాం" అన్నారాయన.

మార్చి 12
సిమ్లా నుంచి తన్వి వచ్చింది, అంగారకుడికి వెళ్ళే నలుగురిలో ఒకామె, క్యాబిన్‌లో గంట కూర్చుని చూడ్డానికి. తలుపు వేశాం. పది నిమిషాలకి స్పీకర్‌లో తుమ్ము. ఇంకోటి. ఏడు లెక్కపెట్టాను. బయట మేమంతా ఒకటే నవ్వు. చలి పరీక్షల కోసం క్యాబిన్‌ని మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టాం కదా, గోడ అవతలంతా ఎండుమిర్చి బస్తాలే. "గుంటూరు ఘాటు మరి! నాల్రోజులుంటే అలవాటైపోద్ది" — భాస్కర్.

మార్చి 13
ల్యాబ్ నుంచి కబురు, నాకొక్కదానికే. ఒక్క పోగూ రాలలేదట. మంచి గుడ్డే.

మార్చి 14
ఇడ్లీలోకి కారప్పొడి వేసుకుంటుంటే చెయ్యి ఆగిపోయింది. ఇటుకరంగు. మెత్తగా.
తన్వి తుమ్మింది లోపల! తలుపు మూశాక! గాలే చొరబడకూడని చోటికి ఘాటెలా వెళ్ళింది?
నా తలుపు. ఆ చలికి రబ్బరు సీలు గట్టిపడి సందు ఇస్తోంది. నేను పరీక్షించిందెక్కడ? మే నెలలో, ఆఫీసు వరండాలో. బాగుందని సంతకం కూడా నాదే.
ఇక్కడ దుమ్ము లోపలికి వచ్చింది. అంతరిక్షంలో గాలి బయటికి పోతుంది. నలుగురు మనుషులు... ఇడ్లీ తినలేకపోయా.

మార్చి 15
క్యాబిన్‌లోకెళ్ళి తలుపేసుకుని గట్టిగా పీల్చి చూశా. ఏ వాసనా లేదు. పుట్టిన దగ్గర్నుంచీ మిర్చి గాలి పీల్చిన ముక్కు, ఏం చెబుతుంది? మాలో ఒక్కరికీ తట్టలేదు. లేక భాస్కర్‌కి తెలుసా? తెలిసే "అలవాటైపోద్ది" అన్నాడా? ఛీ... ఇంకా అతన్నే.

మార్చి 16
ఉత్తరం వెనక్కి తీసుకుంటే చాలదు. మరి దుమ్మెక్కణ్ణించి అంటారు. తలుపు సంగతి చెబితే మూడేళ్ళ పని పోతుంది, బహుశా నేనూ పోతాను. ఊరుకుంటే భాస్కర్ పోతాడు.
సాయంత్రం అతనే ఫోన్. "రేపు రివ్యూకి ఒక్కరే ఆటోలో ఎందుకండీ, నా బండి మీద వచ్చెయ్యండి." ఎప్పుడూ అడగనివాడు ఇప్పుడెందుకు అడిగాడు? ఉత్తరం సంగతి తెలిసిపోయిందా?

మార్చి 17
ఎనిమిదిన్నర. కింద హారన్ కొడుతున్నాడు. కిటికీలోంచి చూశా — నా కోసం ఇంకో హెల్మెట్ తెచ్చాడు. ఏమీ తెలియదు ఇతనికి.
దారిలో పెదకాకాని దాటేలోపు అతనికి అంతా చెప్పాలి. దాటితే రివ్యూకి చేరిపోయినట్టే, ఇక చెప్పలేను.
మళ్ళీ హారన్...