పసుపు నిలవని గడప

2004 మార్చి 8

కొంపల్లి ఇంటి గడప పాలిష్ నాకే వచ్చింది. ఇన్నాళ్లూ మా ఆయన చేసిన తలుపులకు గరుకు కాగితం రుద్దడమే నా పని. నా పేరు మీద ఇదే మొదటిది. ఇంటావిడ సుజాత మేడం ఒక్కటే అడిగింది — గడప మీద నీళ్లు, నూనె, పసుపు, ఏ మరకా నిలవకూడదు. ఆఫీసు నుంచి వచ్చి రుద్దే ఓపిక లేదట.

మార్చి 9

ఎప్పటిలాగే లక్క పాలిష్ వెయ్యమంటాడు మా ఆయన. వెయ్యను.

మార్చి 10

మూడు టేకు ముక్కలు. మూడింటికీ ఒకే రంగు స్టెయిన్. పైన ఒకదానికి లక్క, ఒకదానికి వార్నిష్, ఒకదానికి పీయూ అనే ప్లాస్టిక్ పొరలాంటి పాలిష్. ఆరాక రోజూ వాకిట్లో పెట్టి పసుపు రాయాలి, నీళ్లు పొయ్యాలి. చెక్కలకు పూజలేందని పక్కింటామె నవ్వుతోంది. నవ్వనీ.

మార్చి 17

లక్క తెల్లబారింది. వార్నిష్ మీద పసుపు చార... ఎంత తోమినా పోదు. పీయూ మాత్రం ఒక్కసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు. అదే.

మార్చి 22

ఆఖరి కోటు. అబ్బ, ఏం నునుపు! మేడం చెయ్యి పెట్టి చూసి, నువ్వే చేశావా అంది. మా ఆయన కూడా వంగి తడిమి చూశాడు.

మార్చి 26, శుక్రవారం

మేడం అత్తగారు కబురు పెట్టింది. నా ఎదుటే గడపకు పసుపు రాసింది. ఆరాక పొట్టులా రాలిపోయింది.

“పసుపు నిలవని కడప ఏం కడప బిడ్డా? శుక్రారం పూట నా పాణం ఎట్లనో అయితాంది.”

ఆమెది కోపం కాదు, ఏడుపు. మేడం అడిగిందే చేశాను. నా పనిలో తప్పు లేదు... లేదంటే లేదు.

మార్చి 27

పైన పాలిష్ గీకేద్దామా అంటే, ముట్టుకోకు అంటాడు మా ఆయన. “గీకితె చెక్క నీళ్లు తాగుతది. వానలకు ఉబ్బుతది. పేరు నీదే పోతది.” నిజమే. కానీ ఆమె ముఖం కళ్ల ముందునుంచి పోవడం లేదు.

మార్చి 29

గీకేశాను. గడప పైభాగం ఒక్కటే, ఉత్త చెక్క తేలేదాకా. పెద్దామె పీట వేసుకుని పక్కనే కూర్చుంది. అయిపోగానే పసుపు రాసింది. చెక్కలోకి దిగిపోయింది, ఇక ఎంత కడిగినా రాదు. ఆమె మురిసిపోయింది.

కోడలికి చెప్పారా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

“నువ్వే చెప్పు బిడ్డా. నేను చెప్తే లొల్లయితది.”

బస్సు వచ్చినా ఎక్కలేదు. గేటు పక్కన కూర్చుని రాస్తున్నా. చేసింది నేను, చెప్పేదీ నేనే. ఎలా మొదలుపెట్టాలో మాత్రం... మేడం స్కూటీ మలుపు తిరిగింది.