రాళ్ల కుప్పలో నీ మొక్క

అన్నా, ఇవాళ ఒక వింత జరిగింది.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అచ్చం రాయిలా ఉండే నీ ఎడారి మొక్కను హైదరాబాదు నుంచి ప్యాసింజరు రైల్లో ఒళ్లో పెట్టుకొని తెచ్చావు. ఎర్రమట్టి కుండీలో నాటి, రోజూ చెంబుతో నీళ్లు పోశావు. పువ్వు కోసం తొమ్మిదేళ్లు చూశావు. నువ్వు పోయాక అది ముడుచుకుపోయింది. చచ్చిందనుకొని పెరట్లో నాపరాయి ముక్కల కుప్ప మీద పారేశాను.

ఈ పొద్దున మేస్త్రీ యాదయ్య అరుగు కోసం ఆ ముక్కలు ఏరుతున్నాడు. మన తాండూరులో సుత్తితో తట్టి, పగులుందో లేదో మోత విని తేల్చుకోకుండా రాయిని ఎవరు తీసుకుంటారు? ఒక్కో ముక్కనూ తడుతూ పోయి, ఎత్తిన సుత్తితో అలాగే ఆగిపోయాడు.

"అమ్మా, జర ఇటు రా! గీ రాయికి పువ్వు పూసింది!"

పరుగెత్తాను. దాని నడినెత్తిన గులాబీరంగు పువ్వు. వేరు రాళ్ల సందుల్లోకి దిగిపోయింది. ఏడాదిగా ఎవరూ చుక్క నీళ్లు పోయలేదు. పడ్డ వాన కూడా రాళ్లలోంచి జారిపోయింది.

"నీళ్లు తేవాల్నా?" అన్నాడు యాదయ్య.

"వద్దు!" అని అరిచాను.

అన్నా, తొమ్మిదేళ్లూ దాన్ని పూయనివ్వనిది నీ చెంబే. నువ్వుంటే ఈ మాట నీకెలా చెప్పేదాన్ని?