డెమూ డ్రైవరు మీసం

సూరత్

నాన్నగారికి,

మేం బాగున్నాం. ఫోన్లో మీకు సరిగా వినపడదని ఈ కార్డు. మొన్న ఆదివారం డుమస్ బీచి దగ్గర నేను చేసిన బొమ్మ రైళ్లు అమ్మకానికి పెట్టాను. ఇక్కడి భేస్తాన్‌లో పవర్‌లూమ్ మగ్గాల మీద పనిచేసే పరశురాం అనే మన తెలుగాయన చూసి, "అన్ని ఎక్స్‌ప్రెస్‌లే పెట్టినవేందక్కా? మా ఊర్ల ఆగే డెమూ లేదా?" అన్నాడు. అంతే, చుట్టూ ఉన్న మనవాళ్లంతా ఆ చిన్న డీజిల్ బండే కావాలని పేర్లు రాయించారు. మీరు నడిపిన డెమూని ఎవరు తలుచుకుంటారని అనేవారుగా, చూడండి మరి.

దాని ముందు భాగం ఏ రంగు? మీ సీటు ఏ వైపు? వెంటనే రాయండి. అమ్మ మోకాళ్ల నూనె అందిందా?

మొదటి బండిలో డ్రైవరు మీరే. మీసం నల్లగా వేయాలో తెల్లగా వేయాలో అమ్మనడిగి చెప్పండి.

ఇద్దరికీ నమస్కారాలతో,
మీ ప్రవల్లిక