అట్టడుగు టీముకి మొదటి పిలుపు

మార్చి 31, 2002. ఈస్టర్.

పాస్టరుగారు సమాధి రాయి దొర్లిన సంగతి చెబుతుంటే వెనక బెంచీల్లో మగాళ్ళు "పిలిచేది సతీషునా, నూకరాజునా" అని గుసగుసలు. పండగ పూట కూడా వదలరు. నేనూ ఒక చెవి అటే వేశాను, ఈ పేజీతో అబద్ధమెందుకు.

పోయినేడు ఫుట్‌బాల్ కప్పులో మా క్వార్టర్స్ టీము యాంకర్ బాయ్స్ మొదటి మ్యాచ్‌లోనే ఆరు గోల్స్ తిని ఇంటికొచ్చారు. ఒక్క ఆట ఓడితే అంతే, ఇంక లేదు. ఎనిమిది టీముల్లో అంత ఘోరంగా ఓడినవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకని ఈ ఏడు మొదటి పిలుపు మాది. పేరిచ్చిన కుర్రాళ్ళందరిలోంచి మా కెప్టెన్ ముందుగా ఒకణ్ణి పిలుచుకుంటాడు, పిలిచాక వాడు కాదనకూడదు. సిగ్గుపడాల్సిన సంగతే. కానీ క్వార్టర్స్ మొత్తం గొప్పింటి సంబంధం వచ్చినట్టు తిరుగుతోంది.

కెప్టెన్ మా ఆయన. గోలీ కూడా ఆయనే. ఆ ఆరూ ఆయన్ని దాటి వెళ్ళినవే.

ఏప్రిల్ 2

కుట్టు మిషను కిటికీ దగ్గర వేసుకోవడం నా పొరపాటు. కింద టీ కొట్టు. జాకెట్లు కుడుతున్నానో ఫుట్‌బాల్ వింటున్నానో నాకే తెలియడం లేదు. ఇవాళ ఒక చెయ్యి తిరగేసి కుట్టాను, విప్పాల్సి వచ్చింది.

ఆటో అప్పలరాజు గొంతే ముందు — "సతీషు. ఇంకో మాటే లేదు. స్టీల్‌ప్లాంట్ టౌన్‌షిప్‌లో ఆడు కొడితే గోలీ ఎనక్కి తిరిగి బంతి ఎతుక్కోడవే."

ఎదుటివాడు ఎవరో — "ముందు గోలు ఆపేవోడు కావాల్రా. జాలరిపేట నూకరాజుని సూసేవేటి? ఆడి సేతిలో బంతి పడితే వల్లో సేప పడ్డట్టే."

"అయితే మన కెప్టెన్ బావ ఎక్కడ నిలబడతాడేటి? తన కుర్సీ కింద తనే మంట ఎట్టుకుంటాడేటి ఎవుడైనా?"

నవ్వులు. తర్వాత ఎవరో — "పైన అక్క ఉంది. మెల్లిగా."

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. ఇంకా ఎవర్నీ పిలవనేలేదు, కప్పు ఎవరింట్లో పెట్టాలో కూడా తేల్చేశారు.

ఏప్రిల్ 3

ఈయన్ని అడిగితే "సూద్దాం". చారు పోసుకుంటూ "సూద్దాం". సైకిలెక్కుతూ "సూద్దాం".

ఏప్రిల్ 5

చాలా రోజులుగా రాయాలనుకుంటూ రాయలేదు. ఈయన టీ షర్టులు వేసుకోవడం మానేశారు. తల మీంచి తీసేవన్నీ అడుగు అరలోకి వెళ్ళిపోయాయి. గుండీల చొక్కాలే వేస్తున్నారు, అవి కూడా కొంచెం వదులుగా కుట్టమంటున్నారు. నేను కొలతలు తీసేదాన్ని, నాకు తెలియదా. ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు.

పోయినేడు తిన్న గోల్స్‌లో ఎక్కువ ఎడమ వైపు నుంచి వచ్చినవే. టీ కొట్టులో వాళ్ళు "టీములో దమ్ము లేదు" అంటారు, "డిఫెన్సు పాడు" అంటారు. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. ఈసారీ ఈయనే గోలులో నిలబడితే ఊరంతటికీ తెలుస్తుంది. అరుస్తారు. నవ్వుతారు. ఈయన పనిచేసే వర్క్‌షాపులో మర్నాడు మొహం ఎలా చూపిస్తారు?

ఏప్రిల్ 6

సాయంత్రం "బీచికి వస్తావా" అన్నారు. ఆశ్చర్యం. గాలికి అనుకున్నాను. కాదు — జాలరిపేట దగ్గర ఇసకలో నూకరాజు ఆడుతున్నాడు. పొద్దున్నే వేటకెళ్ళి వచ్చిన ఒళ్ళు, ఉప్పు తెల్లగా కనబడుతోంది. రెండు తెడ్లు పాతి గోలు పెట్టుకున్నారు. ఎటు కొట్టినా వాడు ముందే అక్కడ ఉంటున్నాడు.

ఇన్నేళ్ళుగా చూస్తున్నాను ఈ ఆట, ఇలాంటి గోలీని మా ఊళ్ళో చూడలేదు. పక్కన మొగుడున్నాడని కూడా మర్చిపోయి "అబ్బ" అన్నాను.

ఈయన చాలాసేపు చూసి "కాళ్ళు బాగున్నాయి" అన్నారు. చేతుల మాట ఎత్తలేదు. దారిలో ముంతకింద పప్పు కొనిచ్చారు.

ఏప్రిల్ 8

కాసులమ్మ వచ్చింది. ఎప్పుడూ వీధిలోంచే "సేపలమ్మా" అని కేకేసేది, ఇవాళ మెట్లెక్కి వచ్చి బుట్ట దించింది. కవ్వళ్ళ చేపలిచ్చింది, బేరం ఆడలేదు. వెళ్ళదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. నూకరాజు ఆవిడ కొడుకు.

"అయ్యగారికి ఓ మాట సెప్పమ్మా. మావోడిని పిలవొద్దని."

"అదేంటి కాసులమ్మా? ఊరంతా మీ అబ్బాయి పేరే చెబుతోంటే."

"ఊరు సెప్పుద్దమ్మా. ఊరొచ్చి వల లాగుద్దేటి? ఆ మద్దినోసారి ఇలగే బంతాటలో ఏలు ఇరగ్గొట్టుకున్నాడు. నిసేదం అయిపోయింది, బోట్లన్నీ ఎల్లిపోనాయి, ఈడు గట్టున కూకున్నాడు. ఆ ఏలు ఇప్పటికీ సరిగ్గా ముడవదు. ఇంకోటి పోతే ఈడిని బోటులోకి ఎవుడెక్కించుకుంటాడు?"

సముద్రంలో వేట నిషేధం రోజుల్లోనే, బోట్లు కదలని ఆ నెలన్నరలోనే, మా ఆటలు. అప్పుడైతే జాలరిపేట వాళ్ళంతా గట్టున ఉంటారని పెద్దవాళ్ళు ఎప్పుడో పెట్టిన పద్ధతి. మాకు ఆటల కాలం అది. వాళ్ళకది చేతులు జాగ్రత్తగా దాచుకోవాల్సిన కాలమని నాకు ఇవాళే తట్టింది.

"అతనికే చెప్పొచ్చుగా, పేరు వెనక్కి తీసుకోమని."

"నాను సెప్తే ఇంటాడేటి? బంతి కనబడితే కూడొగ్గేత్తాడు. పిలవకపోతే ఊరుకుంటాడు. మిగతా కెప్టెన్లిళ్ళకీ ఎల్లేను. మీ ప్రకాశంగారు ఒగ్గేత్తే మేవూ ఒగ్గేత్తాం అన్నారు. ఇంక మీ సేతిలో ఉంది తల్లీ."

"చెబుతాలే" అన్నాను.

ఏప్రిల్ 9

చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఈయన ఆ మాట రెండు చేతులా అందుకుంటారు. "తల్లే వద్దంటే నేనేం చేస్తాను" అని సతీషుని పిలుస్తారు, మళ్ళీ ఆ గుండీల చొక్కాతో గోలులో నిలబడతారు. ఆవిడ అడిగింది న్యాయమే. కానీ ఆ న్యాయం మా ఆయన కొంప ముంచుతుంది. ఎవరికి చెప్పుకోను?

ఏప్రిల్ 10

టీ కొట్టులో కొత్త గొడవ. మిగతా కెప్టెన్లు ఎవరూ నూకరాజు మాట ఎత్తడం లేదట. అప్పలరాజు తేల్చేశాడు — "నాటకంరా. మనం సతీషుని పిలిచీసేక ఆడిని ఎగరేసుకుపోడానికి. ఏడుగురూ ఒకటైపోనారు."

దానిమీద నూకరాజు పక్షం వాళ్ళు బల్ల గుద్దారు. సతీషు పక్షం వాళ్ళు కాలర్లు పట్టారు. గాజు గ్లాసు పగిలింది. టీ కొట్టాయన "తాగినోళ్ళే నయం" అన్నాడు.

వీళ్ళందరి లెక్కల వెనక ఉన్నది ఒక చేపల బుట్ట. కిటికీలోంచి చెప్పేద్దామా అనిపించింది. నోరు మూసుకుని కిటికీ తలుపు కూడా మూశాను.

ఏప్రిల్ 11

ఆటోలో వెళ్తుంటే అప్పలరాజు అద్దంలో నన్ను చూస్తూ — "అక్కా, బావ ఏటంటన్నాడు? ఒక్క ముక్క సెప్పక్కా. కడుపులో దాసుకుంటాను."

"మార్కెట్ దగ్గర ఆపు" అన్నాను.

ఏప్రిల్ 12

మధ్యాహ్నం షిఫ్టు మార్చుకుని ఇంటికొచ్చారు. మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నారు. పెళ్ళయినప్పటి నుంచీ బంతి గురించి నన్ను అడిగిన మనిషి కాదు.

"నువ్వైతే ఎవర్ని పిలుస్తావే?"

నేను దారం తెంపి — "ముందు ఎడమ చెయ్యి పైకెత్తండి" అన్నాను.

ఎత్తలేదు. కిటికీ వైపు చూశారు. కింద వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"ఎన్నాళ్ళుగా తెలుసు?"

"టీ షర్టులు మానేసినప్పటి నుంచి."

"అయితే నూకరాజే అంటావు."

కాసులమ్మ మాట గొంతు దాకా వచ్చింది. సూదిలో దారం ఎక్కించుకున్నాను. ఆయన లేచి వెళ్ళిపోయారు. నేను మొగుడి పరువు కోసం ఊరుకున్నానా, కప్పు కోసమా? రెండూ ఉన్నాయి. ఇసకలో వాడు గాల్లోకి లేచిన తీరు నాకు కళ్ళ ముందే ఉంది. నాకు గెలవాలని ఉంది. ఆరు గోల్స్ తిన్న టీముకి అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నదాన్ని నేనే కదా.

ఏప్రిల్ 13

అన్నం పెట్టాను. తిన్నారు.

ఏప్రిల్ 14. ఆదివారం.

చర్చి పక్క హాలు. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు. కుర్రాళ్ళంతా ఒక గోడకి ఆనుకుని నిలబడ్డారు — సతీషు కొత్త బూట్లతో, నూకరాజు చెప్పుల్లేకుండా. ఆడవాళ్ళం వెనక. కాసులమ్మ గుమ్మం బయటే నిలబడింది. నేను అటు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

"యాంకర్ బాయ్స్, మొదటి పిలుపు."

ఈయన లేచారు. గొంతు సవరించుకున్నారు. సతీషు వైపు చూశారు. అప్పలరాజు కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంటున్నాడు, సింహాద్రి అప్పన్నకి కొబ్బరికాయ మొక్కాడని తర్వాత తెలిసింది.

"నూకరాజు."

ఒక్కసారి గోల. సగం మంది ఎగిరారు, సగం మంది తల పట్టుకున్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరికే అర్థమైంది, ఈయన ఏం వదులుకున్నారో. అప్పలరాజు వచ్చి ఈయన చేతులు పట్టుకుని "బావా" అన్నాడు, ఇంకేమీ అనలేకపోయాడు. నాకు గర్వంతో ఏడుపొచ్చింది. అది కూడా నిజమే, రాస్తున్నాను.

నూకరాజు మొహం వెలిగిపోయింది. వాళ్ళమ్మ వాణ్ణి చూడలేదు. ఈయన్నీ చూడలేదు. నన్ను చూసింది.

ఏప్రిల్ 15

వేట నిషేధం మొదలు. బోట్లన్నీ హార్బరులోకి వచ్చేశాయి. టీ కొట్టులో ఈయన దేవుడు. టీకి డబ్బులు తీసుకోలేదట.

ఏప్రిల్ 17

ఇవాళ కాసులమ్మ ఎండుచేపల బుట్టతో మా వీధిలో వెళ్ళింది. పక్కింటి దగ్గర కేక, ఎదురింటి దగ్గర కేక. మా గుమ్మం ముందు కేక లేదు.

ఈయన కాఫీ తాగుతూ — "నిన్నడిగింది కదూ?"

"ఎవరు?"

"కాసులమ్మ. నిన్నడిగిన మర్నాడు వర్క్‌షాపు గేటు దగ్గరికొచ్చింది. మావోడిని పిలవొద్దని మీ ఆవిడ సెప్పిందేటి బాబూ అని. సెప్పిందన్నాను."

అంటే తెలిసే స్టూలు లాక్కుని కూర్చున్నారు. తెలిసే అడిగారు, ఎవర్ని పిలుస్తావే అని.

"నువ్వా మాట ఎత్తితే సతీషుని పిలుద్దామనుకున్నాను" అన్నారు. "నువ్వు నా చెయ్యెత్తమన్నావు."

కోపం వచ్చింది. ఇద్దరం కలిసి చేసిన పనిని నా ఒక్కదాని ఒళ్ళో పెడతారా? గ్లాసు గట్టిగా కడిగాను. కడుగుతూంటే తెలిసింది, ఆయన అన్నదాంట్లో తప్పు లేదని.

ఏప్రిల్ 19

నూకరాజు ప్రాక్టీసుకి వచ్చాడు. ఈయన తన గ్లవ్స్ ఇచ్చారు. వాడు వేసుకోలేదు. "సేతికి బంతి తెలీదు బాబూ ఇయ్యేసుకుంటే" అన్నాడట.

ఉత్త చేతులు.

ఏప్రిల్ 21. ఆదివారం.

మొదటి మ్యాచ్. వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. బేరానికెళ్ళే అడ్డ కట్టు చీరతో, ఖాళీ బుట్టతో కాసులమ్మ వచ్చి నా పక్కనే కూర్చుంది. ఎప్పుడూ ఆటకి వచ్చిన మనిషి కాదు. పలకరించలేదు. జరగమనీ అనలేదు.

మొదటి సగం ఎదుటి టీమువాళ్ళే ఆడారు. బంతి మా గోలు వైపు వచ్చినప్పుడల్లా నేను లేచేదాన్ని, ఆవిడ కళ్ళు మూసుకునేది. నేను బంతిని చూస్తున్నాను. ఆవిడ వేళ్ళని చూస్తోంది. ఈయన గీత బయట నిలబడి, కుడి చేత్తోనే సైగలు.

రెండో సగంలో మనవాళ్ళు ఒక గోలు కొట్టారు. ఇంక అయిపోతోందనగా వాళ్ళకి పెనాల్టీ. గ్రౌండంతా లేచింది. నూకరాజు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. కాసులమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో, నన్నే ఎందుకు పట్టుకుందో.

వాళ్ళవాడు కొట్టాడు. చేతికి తగిలిన చప్పుడు మా దాకా వినబడింది. బంతి బయటికి పోయింది.

గెలిచాం. అప్పలరాజు ఆటో మీదెక్కి గెంతుతున్నాడు. నాకూ అరవాలని ఉంది. కుర్రాళ్ళు నూకరాజుని భుజాల మీదెత్తుకుని మా ముందు నుంచే తీసుకొస్తుంటే కాసులమ్మ అడ్డం వెళ్ళి కిందికి దింపించింది. చేతులు పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, ముడిచి, విప్పి చూసింది. వాడు సిగ్గుతో "ఒగ్గేయే అమ్మా" అంటున్నాడు. ఇదివరకు విరిగిన చూపుడు వేలు దగ్గర కొంచెం ఆగింది. మళ్ళీ ముడిచి చూసింది.

"ఇయ్యాలకి ఉన్నాయి" అంది.

అప్పుడు నా వైపు తిరిగి, కొడుకుని పిలిచాక మొదటిసారి నాతో మాట్లాడింది.

"ఇంకెన్ని ఆటలమ్మా?"

"గెలిస్తే ఇంకో రెండు."

"ఓడిపోతే?"

జవాబు నాకు తెలుసు. చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆవిడ బుట్ట చంకలో పెట్టుకుని నిలబడి ఎదురుచూస్తోంది.

వచ్చే ఆట శనివారం.