నా మాటకు తర్జుమా

12 మే 1986
స్కూలుకి సెలవులు. టెలిఫోన్ల శాఖ ఆఫీసరు ఉమాపతి గారు జీపు వేసుకుని ముసునూరు వచ్చారు. హైదరాబాదులో ఇంటర్నేషనల్ సెమినార్ అట. పేద దేశాల పల్లెలకి టెలిఫోన్లు, ఆ తర్వాత కంప్యూటర్ లైన్లు ఎలా వేయాలో అక్కడ తేలుస్తారట. పల్లె తరఫున ఒక ఆడమనిషి మాట్లాడాలట. మీకు ఇంగ్లీషు చదవడం వచ్చు కదండీ అన్నారు. నవ్వొచ్చింది. సంతోషమూ వేసింది.

13 మే
వెంకాయమ్మ వచ్చింది. పోయిన వేసవిలో ఆమె మొగుడు బుచ్చయ్య మామిడికాయ కోస్తూ చెట్టు మీంచి పడ్డాడు. ఊరికి ఉన్న ఒక్క ఫోనూ ప్రెసిడెంటు గారింట్లో. ఇంటికి తాళం. మనిషిని పంపి నూజివీడు నుంచి కారు తెప్పించేసరికి ప్రాణం పోయింది. ఆ సంగతి చెప్పండి పంతులమ్మగారూ, ఫోను అందరికీ అందే చోట పెట్టమనండి అంది. చెబుతానన్నాను.

17 మే
ఉమాపతి గారు నేను అక్కడ చదవాల్సిన ఉపన్యాసం టైపు చేయించి తెచ్చి ఇచ్చారు. మా పల్లెలు తృప్తిగా ఉన్నాయట. ఇది నిజం కాదు కదండీ అన్నాను. ఆయన కోప్పడలేదు. మీ టీచరు ఉద్యోగం పర్మనెంట్ ఆర్డరు విద్యాశాఖలో మా బావగారి టేబుల్ మీదే ఉందమ్మా అన్నారు.
మావారు, చదివేసి వచ్చెయ్ అన్నారు.

18 మే
రానని చెప్పలేను. వెళ్ళి చదవలేను.

21 మే, హైదరాబాదు
ఏసీ హాలు. కాగితం పక్కన పెట్టి తెలుగులో మాట్లాడాను. బుచ్చయ్య పేరు చెప్పాను. తాళం సంగతి చెప్పాను. మా ఊళ్ళో లైను ఎక్కడ పెట్టాలో మమ్మల్నే అడగండి అన్నాను.
ఇంగ్లీషులోకి మార్చింది ఉమాపతి గారే. పల్లె స్త్రీలు ప్రభుత్వానికి ఎంతో రుణపడి ఉన్నారని చెప్పారు. నాకు ప్రతి ముక్కా అర్థమైంది. విదేశాల వాళ్ళు చప్పట్లు కొట్టారు.
మళ్ళీ మైకు అందుకున్నాను. నో, హి ఈజ్ నాట్ టెల్లింగ్ మై వర్డ్స్ అన్నాను. అధ్యక్షుడు నవ్వి టైమ్ అయిపోయిందన్నాడు. మైకు ఆపేశారు. నా గొంతు నాకే వినబడుతున్నా మాట్లాడుతూనే ఉన్నాను. ఎవరో వచ్చి మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

4 జూన్
ఉద్యోగం పోయింది. మావారు నాతో మాట్లాడటం లేదు.

7 జూన్
వెంకాయమ్మ వచ్చి చెప్పారా అని అడిగింది. చెప్పాను అన్నాను. ఆయన పేరు కూడానా అంది. పేరు కూడా అన్నాను. చాలండి అంది.
చాలదు.