రూటర్‌కు పెట్టిన కుంకుమ

నెట్ ఆఫీసు మేనేజరు గారికి, పినపాక నుంచి నమస్కారం.

దసరాకు బండితో పాటు రూటర్‌కూ పూజ చేశాం. ఆనాటి నుంచి ఎర్ర లైటే, నెట్ లేదు. మీరు పంపిన మెకానిక్ హాతీరాం వచ్చి, వైరు పీకి చూసి, "కొసకు గూడ కుంకుమ పెట్టిండ్రు సారూ, గందుకే వస్తలేదు" అంటూ తుడవబోయాడు. మా పూజకే వంక పెడతావా అని అరిచి వెళ్లగొట్టాను. పని రానివాడని మీకు ఫిర్యాదు రాశాను. మీరతన్ని తీసేశారు.

నిన్న నేనే ఆ కుంకుమ తుడిచాను. నిమిషంలో నెట్ వచ్చింది. ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పాను. ఛీ, నా ముఖం అద్దంలో చూసుకోవాలంటేనే అసహ్యంగా ఉంది.

అతన్ని మళ్లీ పనిలోకి తీసుకోండి. ఈ పొద్దున అతనే బస్టాండులో ఎదురై, "ఇప్పుడు నెట్ వస్తున్నదా సారూ?" అని అడిగాడు.

ఇంకా రావట్లేదన్నాను.